గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి మా సార్ నిలవడుతుండు, ఊర్లల్ల మద్దతు ఎట్ల కూడగట్టాలె?

దేవరకొండ_పోరడు:

అందరికి నమస్తే. జెర పెద్ద పోస్టు, తిట్టకుండ చదవుండ్రి.

2027 మార్చిల మన వరంగల్–ఖమ్మం–నల్లగొండ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ సీటు (డిగ్రీ పాసైనోళ్లే ఓటేసేది) టైం అయిపోతది కదా, దానికి మా సార్ ఇండిపెండెంట్‌గ నిలవడుతుండు. డిగ్రీల మాకు పొలిటికల్ సైన్స్ చెప్పిండు, రిటైరయ్యి నాలుగేండ్లయితుంది, పైసలు లేవు, ఇప్పటిదాంక ఏ పార్టీ కండువా కప్పుకోలే. ఆయన మాట ఒక్కటే, సర్కారు చెయ్యాల్సిన పని సర్కారు సక్కగ చెయ్యాలె, మిగతా కాడ మనిషిని వాని మానాన వాన్ని బతకనియ్యాలె. పట్టా ఉన్న భూమిని రైతుకు ఒక్క ముక్క చెప్పకుండ రిజిస్ట్రేషన్ కాకుండ ఆపే 22ఏ నిషేధిత జాబితాల ఎక్కిచ్చి వాన్నే ఆఫీసుల సుట్టు తిప్పుడు బంద్ కావాలంటడు, మంత్రి వస్తుండంటే ముందటి రాత్రే పోరగాండ్లను ఎత్తుకపోయి స్టేషన్ల కూసోబెట్టుడు ఏం ప్రజాస్వామ్యం అంటడు, టిఫిన్ సెంటర్ పెట్టుకునేటోనికి గూడ ఇన్ని లైసెన్సులెందుకు అంటడు. ఆస్తి హక్కు ముందు ప్రాథమిక హక్కుగ ఉండె, 1978ల రాజ్యాంగానికి 44వ సవరణ పెట్టి తీసేసి 300ఏ అధికరణ కింద పడేసిండ్రు, అది మళ్ల రావాలె అనేది ఆయన ముప్పై ఏండ్ల సంది చెప్పే పాఠమే, మాకు నోటికొస్తది.

ఇగ అసలు సంగతి. వాట్సాప్ గ్రూపుల 240 మందిమి ఉన్నం, రోజు పొద్దుగాల గుడ్ మార్నింగ్‌లు, సార్ వీడియోలు, దండాల బొమ్మలు మస్తుగ వస్తయి. పోయిన ఐతారం మీటింగ్ పెడితే వచ్చింది 14 మంది, అండ్ల ముగ్గురు బిర్యానీ ఉందా అని అడిగి లేదంటే పోయిండ్రు. ఊర్లల్లకు పోతే "స్వేచ్ఛ అంటే ఏంది, మాకేమొస్తది" అంటుండ్రు, కొందరైతే మొకం మీదనే "ఓటుకెంత" అని అడుగుతుండ్రు. మా ప్లాన్ ఏందంటే ఊరూరు తిరిగి ఓటరు నమోదు ఫారాలు నింపిచ్చుకోని ఒక వెయ్యి జమ చేసి ఒకేసారి తహసీల్దార్ ఆఫీసుల ఇచ్చుడు, అప్పుడు పేపర్ల గూడ వస్తది కదా. ఇది కరెక్టేనా, ఇసొంటి ఎన్నికల పని చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి. సార్‌ను ఏ పార్టీతోని కలిపి తిట్టొద్దని మనవి.

నకిరేకల్_పంతులు:

తమ్మీ, ముందుగాల ఆ వెయ్యి ఫారాల ప్లాన్ మానుకో. గంపగుత్తగ ఇచ్చే దరఖాస్తులు తీసుకోరు. ఒక ఇంట్లోళ్లయి ఆ ఇంటి మనిషి ఒకరు ఇయ్యొచ్చు, ఒక ఆఫీసో కాలేజో ఉంటే ఆడ పనిచేసేటోళ్లయి దాని హెడ్ పంపొచ్చు, అంతే. అభ్యర్థి మనుషులు సంచిల ఏసుకోని పోతే వాపస్ పంపుతరు, పేపర్ల వచ్చేది గూడ అదే వార్త వస్తది. మేము 2020ల యూనియన్ తరఫున ఇదే తప్పు చేసినం, మూడొందల ఫారాలు మోసుకపోయి మూడొందలు ఎత్తుకొచ్చినం, మళ్ల ఒక్కొక్కరి ఇంటికి పోయి "మీరే పోయి ఇయ్యుండ్రి" అని బతిమిలాడినం, సగం మంది పోలే.

ఇంకోటి, ఇది చానామందికి తెల్వది. అసెంబ్లీ లిస్ట్ లెక్క ఇది ఎప్పటికి ఉండే లిస్ట్ కాదు, ప్రతి ఎన్నికకు కొత్తగ రాస్తరు. పోయినసారి ఓటేసిన అనుకోని ఇంట్ల కూసుంటే ఈసారి పేరుండదు. పేరు రాయించుకునే దరఖాస్తును ఫారం 18 అంటరు. 2020ల అక్టోబర్ 1 నుంచి నవంబర్ 6 దాంక తీసుకున్నరు, ఈసారి గూడ నవంబర్ 1నే లెక్కల పెట్టుకుంటరు. ఆ తారీఖుకు మూడేండ్ల ముందు డిగ్రీ పాసై ఉండాలె, అంటే మొన్న మొన్న పాసైన పిల్లలు మీ గ్రూపుల ఎంత లొల్లి చేసినా ఓటు రాదు. డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలె, లేకుంటే నోటరీ. మన పల్లెల్ల అసలు అడ్డం అదే, గెజిటెడ్ ఆఫీసర్ ఏడ దొరుకుతడని సర్టిఫికెట్ బీరువాల నుంచే తియ్యరు. మీకు జూనియర్ కాలేజీ లెక్చరర్లు, వెటర్నరీ డాక్టర్లు ఎవరన్న తెలిస్తే వాళ్లతోని ముందే మాట్లాడుకోని ఏ రోజు ఏడ ఉంటరో ఊర్ల చెప్పుండ్రి, ఆ ఒక్క పని చేస్తే మీటింగులు పెట్టకున్నా నడుస్తది.

మీ వాట్సాప్ గ్రూపుల 240 మందిల ఎందరు ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ల ఉంటరో గూడ లెక్కపెట్టు. నల్లగొండోళ్లం సగం ఆడనే ఉంటం కదా. ఓటు ఊరు ఏదని కాదు, ఉండేది ఏడనో చూస్తరు, ఆళ్లకు మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ సీట్ల వస్తది ఓటు, మీ సార్‌కు పడదు.

మర్రిగూడ_బావి:

పంతులు సార్ చెప్పింది చెప్పిండు గని నేనొక సీదా ముచ్చట అడుగుత. మీ సార్ స్వేచ్ఛ అంటుండు, సర్కారు తక్కువ ఉండాలె అంటుండు, అంటే మా బోరు కాడ ఫ్రీ కరెంట్ తీసేస్తడా? పింఛన్ వద్దంటడా? వడ్లు సర్కారు కొనొద్దు మిల్లరుకే అమ్ముకో అంటే మిర్యాలగూడ రోడ్డు మీద ట్రాక్టర్ల లైన్ల నిలవడ్డోనికి తెలుస్తది ఆ మిల్లరు చెప్పే రేటు. చదువుకున్నోల్లకు ఇసొంటి మాటలు బాగుంటయి.

మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగ చెప్పే పని లేదు. 1996ల నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలవడ్డరు, ఎందుకు, కృష్ణా నీళ్లు ఇయ్యమని. జల సాధన సమితోళ్లు ఊరూరు తిరిగి నామినేషన్లు ఏయించిండ్రు, మా చిన్నాయిన గూడ అండ్ల ఒకడు, గెలుస్తనని కాదు, ఢిల్లీల ఎవడన్న ఫ్లోరైడ్ నీళ్లకు గార పట్టిన మా పండ్ల దిక్కు చూస్తడని. పోలింగ్ వాయిదా పడ్డది, బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అచ్చేసిండ్రు. మాకు కావాల్సింది సర్కారు మా ఇంటికి నీళ్లు తెచ్చుడు, మమ్ములను వదిలేసుడు కాదు. దీనికి జవాబు లేకుంటే మా మండలంల తిరగకుండ్రి, ఊకె పెట్రోల్ దండగ.

దేవరకొండ_పోరడు:

పంతులు సార్, మీకు దండం. ఫారాల సంగతి మాకు అసలే తెల్వది, ఇయ్యాల్నే గ్రూపుల పెట్టిన, హైదరాబాద్ల ఉండేటోళ్లు చేతులెత్తమంటే 130 మంది తేలిండ్రు 🙏

మర్రిగూడ అన్నా, నువ్వు అడిగిందే నేను సార్‌ను అడిగిన. ఫ్రీ కరెంట్ గురించి ఆయన ఒక్క మాట అనలే, దాని జోలికి పోను అన్నడు. మరి మాకు పాఠం చెప్పేటప్పుడు అన్నరు కదా సార్ అంటే నవ్విండు. నీళ్ల కాడికి వస్తే తాగే నీళ్లు ఇచ్చుడు సర్కారు మొదటి పని, అది చెయ్యక మిగతా అన్నిట్ల ఏలు పెడుతుందనే నా లొల్లి అన్నడు. నువ్వు ఒప్పుకుంటవో లేదో గని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. అయినా 480 మందిది గూడ స్వేచ్ఛే కదన్నా, మామూలు రైతు పోయి నేను గూడ అభ్యర్థినే అని కూసునుడు. దాని తర్వాతనే కదా ఎంపీ డిపాజిట్ ఐదొందల నుంచి పదివేలు చేసిండ్రు, ఇండిపెండెంట్‌కు పదిమంది సంతకాలు కావాలన్నరు. గరీబోడు మళ్ల అట్ల నిలవడకుండ తలుపు పెట్టిండ్రు.

మర్రిగూడ_బావి:

ఆ మాట మాత్రం నిజమే. కరెంట్ సంగతి మీ సార్ నవ్వి తప్పిచ్చుకున్నడు, నేను మర్చిపోను.

సూర్యాపేట_టు_డాలస్:

ఇక్కడ అమెరికాల పదహారేండ్ల నుంచి ఉంటున్న, అందుకే ఒక ముచ్చట చెప్పాలనిపించింది. మీ సార్ లెక్క మాట్లాడేటాయన ఇక్కడ ఒకాయన ఉండె, రాన్ పాల్ అని, మా టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడు, డాక్టర్ గూడ. ప్రభుత్వం చిన్నగ ఉండాలె, బయట యుద్ధాలు వద్దు, మనిషి స్వేచ్ఛ ముఖ్యం అని ముప్పై ఏండ్లు అదే మాట. రిపబ్లికన్ పార్టీల ప్రెసిడెంట్ టికెట్‌కు నిలవడ్డడు. 2007 డిసెంబర్ 16న ఆయన అభిమానులు ఆయనను అడగకుండనే ఆన్‌లైన్ల పిలుపిచ్చి ఒక్కరోజుల 60 లక్షల డాలర్లు జమ చేసిండ్రు, ఇంకా జోష్ ఆగక గాల్లె ఎగిరే పెద్ద బెలూన్ ఓడ కిరాయికి తీసుకోని దాని మీద పేరు రాసి తిప్పిండ్రు. తీరా 2008 జనవరిల అయోవా రాష్ట్రంల పార్టీ ఓట్లు పడితే పది శాతం, ఐదో స్థానం. ఓడ పైన తిరిగింది, ఓట్లు కింద ఉన్నయి.

కని 2012ల అదే మనుషులు వేరే తీరుగ చేసిండ్రు. ఆడ ఓటింగ్ రాత్రి అయిపోయినంక పార్టీ మీటింగులు నెలల తరబడి నడుస్తయి, జిల్లా, రాష్ట్రం అట్ల, జనం బోర్ కొట్టి ఇంటికి పోతరు. వీళ్లు రూల్ పుస్తకం చదువుకోని ప్రతి మీటింగుల చివరిదాంక కూసున్నరు. ఓట్లల్ల మూడో స్థానం వచ్చిన మనిషికి అయోవా నుంచి టికెట్ ఎవరికో తేల్చే 28 మంది డెలిగేట్లల్ల 22 మంది పడ్డరు. నామినేషన్ అయితే రాలే, అది వేరే సంగతి. మీకు గూడ ఫారం 18 అసొంటిదే అనుకుంటున్న, బోర్ కొట్టే పని, అందుకే ఎవరు చెయ్యరు.

పైసలు పంపుదామని ఇక్కడ మా దోస్తులు నలుగురైదుగురు అడుగుతుండ్రు, జాగ్రత్త తమ్మీ. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నోడు తన బ్యాంక్ ఖాతా నుంచి ఇస్తే సరే గని, సిటిజెన్‌షిప్ తీసుకోని ఓసీఐ కార్డు పట్టుకోని తిరిగేటోడు ఇస్తే అది విదేశీ సొమ్ము కిందికి వస్తది, అభ్యర్థి తీసుకోవద్దు, కేసైతది. నేను గూడ ఓసీఐనే, అందుకే సలహా మాత్రమే ఫ్రీ 😄

గోదాం_టేబుల్:

నేను ఉద్యోగిని, పేరు చెప్పను, ఏ అభ్యర్థి వైపు కాదు. 2021లో ఇదే సీటుకు నల్లగొండ ఆర్జాలబావి గోదాంలో కౌంటింగ్ డ్యూటీ చేశాను, చూసింది చెప్తాను.

71 మంది పోటీలో ఉన్నారు, బ్యాలెట్ పేపర్ పరిస్తే టేబుల్ నిండిపోయేది. లెక్కింపు నాలుగు రోజులు పట్టింది, మేం అక్కడే తిని అక్కడే కునుకు తీశాం. మొదటి ప్రాధాన్యతలో (పేరు ఎదుట 1 వేసిన ఓట్లలో) పల్లా రాజేశ్వర్ రెడ్డి గారికి లక్షా పదివేల పైన, తీన్మార్ మల్లన్న గారికి 83 వేలు, కోదండరాం గారికి 70 వేలు. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి కింది నుంచి ఒక్కొక్కరిని తీసేస్తూ వాళ్ల ఓట్లలో రెండో ప్రాధాన్యత ఎవరికి ఉందో చూసి పంచుకుంటూ పోవాలి. మల్లన్న గారు అప్పుడు ఏ పార్టీ లేకుండానే రెండో స్థానంలో నిలబడ్డారని మీరు గుర్తుపెట్టుకోండి, కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. ఓటర్లందరూ డిగ్రీ చదివినవాళ్లే! ఒకాయన టిక్ కొట్టాడు, ఒకాయన ముగ్గురికి ఒకటి ఒకటి ఒకటి అని వేశాడు, ఒకాయన జేబులో పెన్నుతో రాశాడు, ఇంకొకాయన కింద సంతకం పెట్టి ఉద్యోగ నోటిఫికేషన్ గురించి నాలుగు లైన్ల విన్నపం రాశాడు, చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బూత్‌లో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే రాయాలి, అంకె మాత్రమే రాయాలి, 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది, నాకు ఒకే ఒక్కటి కనిపించింది, ఎవరో తెలుగు పండితులు అయ్యుంటారు.

మీకు పనికొచ్చేది ఏంటంటే, ఇంటికి వెళ్లి "మొదటి ఓటు మా సార్‌కే" అని అడగగానే ఎదుటివాళ్లు మా పార్టీ వేరు అంటారు, మీరు లేచి వచ్చేస్తారు. అక్కడే కూర్చుని "సరే, ఒకటి మీ వాళ్లకే వేసుకోండి, రెండు మా సార్‌కు వేయండి" అనండి. అది అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బ్యాలెట్ మీద గుర్తులు ఉండవు, పేరు, ఫొటో, పార్టీ పేరు ఉంటాయి అంతే, కాబట్టి సార్ ఫొటోలో ఎలా ఉంటారో కరపత్రంలోనూ అలాగే ఉండాలి, ఇరవై ఏళ్ల కిందటి ఫొటో వేయకండి. కరపత్రం మీద ప్రింటర్ పేరు, వేయించినవాళ్ల పేరు తప్పనిసరి. ఇంకా, అభిమానులు ఎవరైనా సార్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సొంతంగా ఫ్లెక్సీలు, పేపర్ యాడ్‌లు ఇస్తే అదీ నేరమే.

పాలమూరు_పిల్ల:

నాకు ఈ సీట్ల ఓటు లేదు, నాది పాలమూరు, అయినా చెప్త. 2023ల కొల్లాపూర్ల బర్రెలక్క ఇండిపెండెంట్‌గ నిలవడ్డప్పుడు నేను సెలవు పెట్టి పదిరోజులు తిరిగిన. ఫోన్ తెరిస్తే రాష్ట్రం మొత్తం ఆమె ఎనుకనే ఉన్నట్టు ఉండె, ఈల గుర్తు పట్టుకోని ఏడేడికెల్లో వచ్చిండ్రు, రీల్స్‌కు లక్షల లైకులు. పడ్డ ఓట్లు 5,754. నేను తక్కువ చేసి చెప్పుతలేను, పైసా పంచకుండ అన్ని పడుడు చిన్న సంగతి కాదు, గని లైకులు కొట్టినోళ్ల ఓట్లు కొల్లాపూర్ల లేవు, అది మాకు ఓట్ల లెక్కింపు నాడు ఎరుకైంది. నీ 240ల 130 హైదరాబాద్ల ఉన్నరంటే అదే కత.

ఇంకో మాట, ఏమనుకోకు తమ్మి. మీ పోస్టుల 44వ సవరణ, 300ఏ, ఇవన్ని సార్ పాఠం. ఊర్ల ముసలాయన కాడ ఇది తియ్యకు. మా తాత చెప్పేటోడు, నిజాం జమానాల గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండెనంట, సర్కారు ఇజాజత్ లేంది పదిమంది కూడి మీటింగ్ పెట్టొద్దు. అసొంటి కాలంల మా పాలమూరు జిల్లా సురవరం ప్రతాపరెడ్డి 1930ల జోగిపేట ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడైండు. వెట్టి ఎట్లుండెనో, దొర గడి ముందటికెల్లి చెప్పులిడ్సి నడుసుడు ఎట్లుండెనో మీ నల్లగొండ ముసలోళ్లకు ఒకరు చెప్పాల్నా? ఆళ్లనే అడుగు, ఆళ్లే చెప్తరు, ఆ మీదట "గా రోజుల మీటింగ్‌కు ఇజాజత్, ఈ రోజుల హౌస్ అరెస్ట్, ఏం తేడా తాతా" అని అడుగు. ఓటు ఉన్నది ముసలాయనకు కాదు, ఆ ఇంట్ల బీఎడ్ చదివిన కోడలుకు. ఆమె తలుపు ఎనుక నిలవడి ఇంటుంటది. ఆమెతోని మాట్లాడనీకి మీ బ్యాచ్‌ల ఒక్క ఆడపిల్లనన్న ఉన్నదా? 14 మందిల ఎందరో చెప్పలే నువ్వు.

నకిరేకల్_పంతులు:

పాలమూరు బిడ్డ మంచి మాట చెప్పింది. మా యూనియన్ల గూడ ఇదే లోపం ఉండె. డిగ్రీ చదివి పెండ్లయి అత్తగారింటికి వచ్చిన ఆడపిల్లల సర్టిఫికెట్లు తల్లిగారింట్ల ఉంటయి, ఇంటిపేరు ఒక తీరు, ఆధార్ల ఇంకో తీరు, వాళ్ల ఫారాలే ఎక్కువ రిజెక్ట్ అయితయి. సర్టిఫికెట్ తెప్పిచ్చుకోనీకే పదిహేను రోజులు పడతది, అందుకని అక్టోబర్ దాంక ఆగకుండ ఇప్పుడే చెప్పుండ్రి. డ్రాఫ్ట్ లిస్ట్ వచ్చినంక పేరు లేకుంటే మళ్ల పెట్టుకోవచ్చు, నామినేషన్ల టైం దగ్గరపడేదాంక గూడ తీసుకుంటరు గని ఆ టైంకు మీకు ప్రచారమే సరిపోతది.

దేవరకొండ_పోరడు:

అక్కా, 14 మందిల ఆడపిల్లలు సున్న. నిజం చెప్తున్న, ఆ ఆలోచన గూడ రాలే. మా చెల్లె ఎమ్మెస్సీ చేసింది, ఇంట్లనే ట్యూషన్ చెప్తది, రాత్రి అడిగితే "ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా" అని తిట్టి, ఆమె క్లాస్‌మేట్లు ఆరుగురి నంబర్లు ఇచ్చింది. ఆ ఆరుగురిల నలుగురి సర్టిఫికెట్లు పంతులు సార్ చెప్పినట్టే తల్లిగారింట్లనే ఉన్నయి.

వెటర్నరీ డాక్టర్ ఒకాయన దొరికిండు, అయితే సార్ పేరు ఎత్తొద్దు, నేను సంతకం ఎవరికైనా పెడత, ఏ పార్టోడు వచ్చినా పెడత అన్నడు. అది మంచిదే కదా. ప్రతి శుక్రారం డిండి దిక్కు వస్తడట. బెలూన్ ఓడకు మా కాడ పైసలు లేవు డాలస్ అన్నా, ఒక ఆటో మాట్లాడినం, అది గూడ మైకు లేకుండ.

మర్రిగూడ అన్నా, ఈ శనివారం మీ మండలానికి వద్దామనుకుంటున్నం, కరెంట్ సంగతి నువ్వే సార్‌ను ముందర కూసోబెట్టుకోని అడుగు. నేను నవ్వనియ్య.

మర్రిగూడ_బావి:

రాండ్రి. నాది 2009 బీకాం, సర్టిఫికెట్ ఏడుందో ఎతుకుత. ఒకటో ఓటు గురించి మాత్రం ఇప్పుడే ఏం చెప్ప.